అప్పగింతల దాకా మన ఇంటి పిల్ల

కుక్కను పెంచడం గురించి మన పాఠకులకు నేను కొత్తగా చెప్పవలసిందేమీ లేదు. పెంచినవారికి ఆ ముచ్చట తెలుసు. పెంచనివారికి పక్కింటి కుక్క వల్ల కలిగే అనుభవం తెలుసు. నేను చెప్పబోయేది కొంచెం వేరే సంగతి. మనది కాని కుక్కపిల్లను, మన దగ్గర ఉండిపోదని ముందే తెలిసి, కొన్ని వారాలో కొన్ని నెలలో సాకి, శాశ్వతంగా పెంచుకునే ఇల్లు దొరకగానే వాళ్ల చేతిలో పెట్టడం. ఇంగ్లీషులో దీన్ని ఫోస్టరింగ్ అంటారు. తెలుగులో 'తాత్కాలిక పెంపకం' అందామంటే బ్యాంకు సర్క్యులర్‌లా వినిపిస్తోంది. మా ఆవిడ మాత్రం 'అప్పగింతల దాకా చూసుకోవడం' అంటుంది. అంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు గనుక శీర్షిక ఆవిడ మాటతోనే పెట్టాను.

మా ఊరి సంగతి

మేముండేది గుమ్మిడిపూండిలో. చెన్నై మూర్ మార్కెట్ కాంప్లెక్సు స్టేషన్లో ఉత్తరం వైపు వెళ్లే లోకల్ రైలెక్కితే పొన్నేరి, కవరైప్పేట్టై దాటాక వచ్చే ఊరు. ఇంకా ముందుకు పోతే ఎళావూరు, ఆరంబాక్కం, ఆ తర్వాత తడ. తడ వచ్చిందంటే ఆంధ్రప్రదేశ్‌లో అడుగు పెట్టినట్టే. అంచేత మా బజారులో బేరం తమిళంలో మొదలై తెలుగులో తెగడం మామూలే. ఊరికి ఒకవైపు సిప్‌కాట్ పారిశ్రామికవాడ, దాన్ని ఆనుకుని రాత్రింబగళ్లు లారీలు పరుగెత్తే జాతీయ రహదారి.

ఫ్యాక్టరీలున్నచోట క్యాంటీన్లుంటాయి. క్యాంటీన్లున్నచోట మిగిలిన అన్నం ఉంటుంది. అన్నం ఉన్నచోట కుక్కలుంటాయి. కుక్క చూలు కట్టాక ఈనడానికి పట్టేది సుమారు 63 రోజులే. ఒక్కో ఈతకు నాలుగైదు పిల్లలు. వాటిలో పెద్దయ్యేదాకా బతికేవి తక్కువ. కొన్నిటిని జబ్బు తీసుకుపోతుంది, కొన్నిటిని రహదారి తీసుకుపోతుంది.

సిప్‌కాట్‌లో పనిచేసే నలుగురైదుగురు కుర్రాళ్లు ఈ కుక్కల బాగోగులు చూస్తుంటారు. వాళ్లకొక సంఘమూ లేదు, బోర్డూ లేదు. జీతం పడగానే తలా కొంచెం వేసుకుని టీకాలు వేయిస్తారు, దెబ్బ తగిలినదాన్ని వైద్యుడి దగ్గరికి తీసుకుపోతారు. వాళ్లలో ఒకడికి మా శాఖలో ఖాతా ఉంది. నాకు ఈ వ్యవహారంతో పరిచయం ఆ కుర్రాడి వల్లనే.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది గుర్తుందా? 5వ తేదీన తీరం దాటింది బాపట్ల దగ్గరే అయినా, అంతకుముందు రెండు రోజులూ చెన్నైనీ మా ప్రాంతాన్నీ వానతో ముంచి వదిలిపెట్టింది. నీళ్లు తీశాక ఈ కుర్రాళ్లకు ఒక గోడౌను మెట్ల కింద నాలుగు కుక్కపిల్లలు కనిపించాయి. తల్లి జాడ లేదు. రెండు రోజులు చూశారు, రాలేదు. మూడో రోజున ఆ కుర్రాడు మా ఇంటికి అట్టపెట్టె పట్టుకొచ్చి, "సార్, పదిహేను రోజులు చాలు. ఒక్కదాన్ని ఉంచుకోండి" అన్నాడు.

'జంతువుల ఆశ్రమాలు ఉన్నాయి కదా, అక్కడ ఇవ్వచ్చుగా' అని మీకు తోచవచ్చు. నేనూ అదే అడిగాను. అతను చెప్పిన జవాబులోనే ఈ ఫోస్టరింగ్ అవసరమంతా ఉంది. నెలన్నర పిల్లకు టీకాల బలం ఉండదు. పార్వో అనే వైరస్ జబ్బు కుక్కల మలం ద్వారా అంటుకుంటుంది. ఆ క్రిమి మట్టిలో నెలల తరబడి చావకుండా ఉంటుంది. వాంతులు, నెత్తురు విరేచనాలు పట్టుకుని రెండు మూడు రోజుల్లో పిల్ల ప్రాణం తీస్తుంది. వందల కుక్కలు వచ్చిపోయే చోట, ఎంత శుభ్రంగా ఉంచినా, టీకాలు పూర్తికాని పిల్లకు ప్రమాదమే. అలాంటి పిల్లకు కావలసింది పెద్ద ఆశ్రమం కాదు, ఒక చిన్న ఇల్లు. ఆ నాలుగింటిలో రెండు, వేరువేరు ఇళ్లకు చేరినా, పది రోజులు తిరక్కుండానే పార్వోతో పోయాయి. క్రిమి ముందే వంట్లో ఉండి ఉంటుందని వైద్యుడు చెప్పాడు. మా ఇంటికి వచ్చింది, ఇంకొకటి, ఈ రెండే మిగిలాయి.

మా ఇంటికి వచ్చింది ఆడపిల్ల. గోధుమరంగు వళ్లు, నుదుటిమీద తెల్లటి చుక్క. మా అమ్మాయి 'బొట్టు' అని పేరు పెట్టింది. 'పేరు పెడితే పంపడం కష్టం' అని మా ఆవిడ హెచ్చరించింది కాని, మరునాటికి ఆవిడే ఆ పేరుతో పిలిచింది.

కాంట్రాక్టు చట్టంలో ఆవూ దూడా

బి.కాం.లో మర్కంటైల్ లా చదివినవారికి 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం గుర్తుండే ఉంటుంది. అందులో 148వ సెక్షన్ నుంచి 'బెయిల్‌మెంట్' గురించి ఉంది. ఒకరి వస్తువును మరొకరు ఒక పని నిమిత్తం తమ దగ్గర ఉంచుకుని, ఆ పని తీరాక తిరిగి ఇవ్వడమో, చెప్పినవారికి అప్పగించడమో చేయడం. చాకలికి వేసిన బట్టలూ, బ్యాంకు సేఫ్ కస్టడీలో పెట్టిన సీలువేసిన కవరూ ఈ లెక్కలోకే వస్తాయి. బొట్టు మా ఇంటికి వచ్చిన కొద్దిరోజులకు నాకు తోచింది, ఇదీ బెయిల్‌మెంటే అని.

151వ సెక్షన్, మన దగ్గర ఉంచిన వస్తువును ఇంగితం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలంటుంది. 158వ సెక్షన్, ప్రతిఫలం లేకుండా ఉంచుకున్నప్పుడు అవసరమైన ఖర్చులు అప్పగించినవారు చెల్లించాలంటుంది. మా కుర్రాళ్లు ఈ చట్టం చదివినవాళ్లు కాకపోయినా టీకాల డబ్బు తామే ఇస్తామని పట్టుబట్టారు. తిండి ఖర్చు మాత్రం మాది.

అన్నిటికన్నా నాకు నచ్చింది 163వ సెక్షన్. అప్పగించిన వస్తువు మన దగ్గరుండగా పెరిగితే ఆ పెరుగుదల కూడా తిరిగి ఇవ్వాలని దాని భావం. చట్టంలోనే ఉదాహరణ ఉంది. ఒకడు తన ఆవును మరొకడి దగ్గర వదిలాడు. ఆవు ఈనింది. రెండోవాడు ఆవుతోబాటు దూడను కూడా ఇచ్చేయాలి. కాలేజీలో దీన్ని మార్కుల కోసం బట్టీ పట్టాను. అర్థమైంది మాత్రం బొట్టును చూశాకనే. వచ్చిన రోజున చెయ్యెత్తితే చాలు గోడ మూలకు పోయి వణికేది. నెల తిరిగేసరికి నేను బ్యాంకు నుంచి రాగానే చెప్పు నోట కరుచుకుని ఎదురొచ్చేది. ఆ ధైర్యం, ఆ నమ్మకం మా ఇంట్లో పుట్టిన దూడ. దాన్ని కూడా అప్పగించాలి. మా మీద మాత్రమే నమ్మకం ఉండి మిగతా మనుషులంటే భయం ఉంటే, దూడను మా దగ్గర అట్టిపెట్టుకుని ఆవును మాత్రం ఇచ్చినట్టే అవుతుంది.

అందుకే ఫోస్టరింగ్‌లో ముఖ్యమైన పని తిండి పెట్టడం కాదు. పిల్లను మరో ఇంట్లో బతకగలిగేలా తయారుచేయడం. కుక్కపిల్లకు మూడో వారం నుంచి మూడు నెలలు దాటేవరకు ఉండే వయసు చాలా విలువైనది. ఆ వయసులో చూసిన మనుషులు, విన్న చప్పుళ్లు, తొక్కిన నేలలు దానికి జన్మంతా మామూలుగా కనిపిస్తాయి. మేము టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో దింపకుండా, భుజాన వేసుకుని తిప్పాం. రైల్వే గేటు చూపించాం, మిక్సీ చప్పుడు వినిపించాం, గొడుగు తెరిచి చూపించాం. ముసలివాళ్ల చేతా పిల్లల చేతా నిమిరించాం. 2024 భోగినాడు తెల్లవారుజామున మా వీధి పిల్లలు మేళాలు కొడుతుంటే బొట్టు మంచం కిందికి దూరింది. మా అమ్మాయి తనూ మంచం కింద పడుకుని ఉడికించిన గుడ్డు ముక్కలు ఒక్కొక్కటే పెట్టింది. ఎనిమిదయ్యేసరికి పిల్ల గుమ్మంలోకి వచ్చి మేళం చూస్తూ కూర్చుంది.

తిండి, టీకా, నిద్ర

ఇక్కడ కొన్ని పనికొచ్చే సంగతులు చెబుతాను.

వయసు కనుక్కోవడానికి పళ్లు చూస్తారు. పాలపళ్లు మూడు నాలుగు వారాలకు మొదలై, రెండు నెలలకు 28 పూర్తవుతాయి. నాలుగో నెలలో ఊడడం మొదలై, ఏడో నెలకల్లా 42 గట్టిపళ్లు వస్తాయి. ఈ మధ్యకాలంలో కుర్చీ కాళ్లు, చెప్పులు, పాస్‌బుక్కులు జాగ్రత్త.

టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయిస్తారు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. నులిపురుగుల మందు చిన్నప్పుడు తరచుగా పట్టాలి. ఈ తేదీలన్నీ ఒక పుస్తకంలో రాసి వైద్యుడి సంతకం పెట్టించాలి. పెంచుకునేవారు అడగవలసిన మొదటి కాగితం ఇదే.

తిండి విషయంలో మన ఇళ్లలో పెరుగన్నం పెట్టి ఊరుకుంటాం. ఎదిగే పిల్లకు అది ఒక్కటే చాలదు, మాంసకృత్తులు కావాలి. మా ఆవిడ గుడ్డు ముట్టదు. అందుకని పెరట్లో విడిగా ఒక చిన్న స్టవ్ పెట్టి గుడ్లు ఉడకబెట్టే పని నాకు అప్పజెప్పింది. ఆ స్టవ్ ఇంకా అక్కడే ఉంది. మా ప్రాంతంలో మిగిలిన సాంబారన్నం కుక్కకు వేయడం అలవాటు. సాంబారులో ఉల్లిపాయ ఉంటుంది, ఉల్లి, వెల్లుల్లి కుక్క నెత్తురులోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్షపళ్లు, కిస్‌మిస్, చాక్లెట్ కూడా విషంతో సమానం. పండగ పాయసం పెట్టేముందు కిస్‌మిస్ సంగతి గుర్తుంచుకోండి.

ఇల్లు పాడుచేయకుండా నేర్పడానికి కొట్టనక్కరలేదు. నిద్ర లేవగానే, తిన్నవెంటనే, ఆట ముగియగానే పెరట్లోకి తీసుకుపోవాలి. పని కానిచ్చాక మెచ్చుకోవాలి. రాత్రి రెండు గంటలకు ఒకసారి లేవాలి. మా ఇంట్లో ఆ డ్యూటీ నాది. ఆడిట్ రోజుల్లో ఎలాగూ నిద్ర పట్టదు గనుక నాకు పెద్ద తేడా తెలియలేదు.

వీధివారి భయం

బొట్టు వచ్చిన వారానికే ఎదురింటి పెద్దావిడ మా ఆవిడతో, "వీధికుక్కను ఇంట్లో పెట్టుకున్నారేమిటమ్మా, మా మనవడు తిరిగే వీధి ఇది" అంది. ఆ మాటలో తప్పేమీ లేదు. కుక్కకాటు భయం ఊహించుకున్న భయం కాదు. మనిషికి రేబిస్ సోకిన సందర్భాల్లో నూటికి 99 దాకా కుక్కల వల్లనేనని, ప్రపంచంలో రేబిస్ చావుల్లో మూడోవంతుకు పైగా మన దేశంలోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జబ్బు బయటపడ్డాక బతకడం దాదాపు లేదు. కాని బయటపడకముందే వైద్యం అందితే ఆపవచ్చు. కరిస్తే వెంటనే పావుగంటసేపు సబ్బుతో పారే నీళ్ల కింద గాయం కడగాలి, అదేరోజున టీకా మొదలుపెట్టాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. మన చిన్నతనంలో బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లని భయపెట్టేవారు. ఆ పాత టీకాను మన దేశంలో ఇప్పుడు వాడడంలేదు. ఇప్పటివి చేతికే వేస్తారు, నాలుగైదుసార్లు చాలు.

మా ఆవిడ ఆ పెద్దావిడతో వాదించలేదు. టీకా పుస్తకం తీసుకెళ్లి చూపించింది. వేసినవీ వేయవలసినవీ తేదీలతో చదివి వినిపించింది. ఆ తర్వాత ఆవిడే ప్రతి నెలా "ఈ నెల సూది వేయించారా?" అని అడగడం మొదలుపెట్టింది. మా వీధికి ఒక ఇన్‌స్పెక్టింగ్ ఆఫీసరు దొరికినట్టయింది.

మన భాషలోనూ ఈ రెండు మాటలూ ఉన్నాయి. తిట్టాలంటే 'కుక్క బతుకు' అంటాం, మెచ్చుకోవాలంటే 'కుక్కకున్న విశ్వాసం' అంటాం. మన భారతకథ చూడండి. మొదట్లోనే, యజ్ఞశాల దగ్గర ఏ తప్పూ చేయని కుక్కపిల్లను జనమేజయుడి తమ్ముళ్లు కొడతారు, దాని తల్లి సరమ వచ్చి రాజును నిలదీస్తుంది. చివర్లో, వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానంటాడు ధర్మరాజు. అంత పెద్ద కథకు ఒక చివర కుక్కపిల్ల, మరో చివర కుక్క.

ఇది చెన్నైకి కొత్త కాదు

ఈ విషయంలో మనముండే చెన్నైకి పెద్ద చరిత్రే ఉంది. విమాన చోదకుడు కెప్టెన్ వి. సుందరం, ఆయన భార్య ఉషా సుందరం (ఆవిడా విమానం నడిపినవారే) 1959లో ఇక్కడ బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా మొదలుపెట్టారు. 1952లో రాజ్యసభ సభ్యురాలైన కళాక్షేత్ర రుక్మిణీదేవి అరండేల్ మూగజీవాల కోసం బిల్లు తెచ్చారు. ఆవిడ పట్టుదల ఫలితమే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. 1962లో ఏర్పడ్డ జంతు సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలు ఆవిడే. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం కూడా ఆ చట్టం ప్రకారం నేరమే. వీధికుక్కలను చంపే బదులు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి వదిలే పద్ధతిని బ్లూ క్రాస్ 1964లోనే ప్రారంభించింది. చెన్నై నగరపాలక సంస్థ దాన్ని 1996లో చేపట్టింది. 2001లో అది దేశమంతటికీ నిబంధనగా వచ్చింది, 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి. తెలుగునాట 1992లో అమల అక్కినేని హైదరాబాదులో బ్లూ క్రాస్ స్థాపించిన సంగతి చాలామందికి తెలిసినదే.

2025లో ఈ వివాదం సుప్రీంకోర్టుకు ఎక్కింది. ఆగస్టు 11న ఢిల్లీ పరిసరాల వీధికుక్కలన్నిటినీ ఆశ్రమాలకు తరలించమన్నారు. 22న ఆ ఉత్తర్వును సవరించి, రేబిస్ సోకినవీ దూకుడుగా ఉన్నవీ తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా అయ్యాక పట్టుకున్నచోటే వదలమన్నారు. నవంబరు 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలాంటి చోట్ల పట్టుకున్నవాటిని మళ్లీ అక్కడ వదలవద్దన్నారు. ఎవరి వాదన ఎలా ఉన్నా, ఆగస్టు 22 నాటి ఉత్తర్వులో ఒక మాట అందరికీ పనికొస్తుంది. ఇష్టమున్నవారు వీధికుక్కలను దత్తత తీసుకోవచ్చు, కాని అవి మళ్లీ వీధికి రాకుండా చూసే బాధ్యత వారిదే. వీధిలో పుట్టిన ఒక పిల్ల ఇంటికి చేరితే, కుక్కలంటే భయపడేవారికీ ప్రేమించేవారికీ ఇద్దరికీ మేలే.

పెళ్లిచూపులు

పదిహేను రోజులకని వచ్చిన పిల్లకు ఇల్లు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. అడిగినవాళ్లు లేక కాదు. మొదటి ప్రశ్న "ఏ జాతి?" అని. నాటుది అనగానే సగంమంది తగ్గిపోయేవారు. ఆడది అనగానే మిగిలిన సగంలో సగం. నాటు కుక్క మన ఎండకూ వానకూ తట్టుకున్నట్టు మంచుదేశపు జాతులు తట్టుకోలేవు. మన దేశపు జాతుల గొప్పతనం గుర్తించి తపాలాశాఖ 2005లో నాలుగు స్టాంపులు వేసింది. వాటిలో ఒకటి రాజపాళయం కుక్క. తెలుగు మాట్లాడే రాజుల ఊరి పేరు పెట్టుకున్న కుక్క అది. ఈ ఉపన్యాసం నేను ఎంతమందికి ఇచ్చానో లెక్కలేదు. విన్నవాళ్లు "అవునా సార్" అని వెళ్లిపోయేవారు.

ఒకాయన గోడౌను గేటు దగ్గర గొలుసుతో కట్టి కాపలాకు ఉంచుతానన్నాడు. వద్దన్నాం. ఫిబ్రవరిలో ఒక కుటుంబం ముచ్చటపడి తీసుకెళ్లింది. నాలుగో రోజున ఇంటి యజమాని ఒప్పుకోవడం లేదని బాధపడుతూ తెచ్చి ఇచ్చారు. చెక్కు తిరిగొచ్చినట్టు తిరిగొచ్చిన బొట్టు రెండు రోజులు అన్నం ముట్టలేదు. చెక్కు అయితే మళ్లీ వేసుకోవచ్చు. ప్రాణమున్నదాన్ని అలా తిప్పకూడదు. అప్పటినుంచి మా కుర్రాళ్లు ఒక నియమం పెట్టారు. అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకోలు, ఇంట్లో అందరి ఇష్టం, ముందుగా ఇల్లు చూసిరావడం, ఈ మూడూ ఉంటేనే మాట.

ఆ నాలుగు రోజుల తర్వాత మా అమ్మాయి, "ఇంక ఎవరికీ వద్దు నాన్నా, మనమే ఉంచేసుకుందాం" అంది. ఇల్లంతా నా ముఖం చూసింది. నాకూ మనసు అటే లాగింది. కాని అదే వారం ఆ కుర్రాడు మరో అట్టపెట్టెతో రెండు వీధులవతల ఇళ్లు తిరుగుతున్నాడని తెలిసింది. ఊళ్లో ఇలా పిల్లల్ని ఉంచుకునే ఇళ్లు అప్పటికి మూడే. మేము బొట్టును ఉంచేసుకుంటే రెండవుతాయి. వచ్చే వానాకాలంలో ఒక పెట్టె ఎక్కడికి పోతుంది? మా అమ్మాయితో ఆ లెక్కే చెప్పాను. అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మంచివాళ్లకే ఇవ్వాలి" అంది.

మార్చి నెలాఖరులో సూళ్లూరుపేట నుంచి ఒక రిటైరైన మాస్టారూ, ఆయన భార్య వచ్చారు. అక్కడా లోకల్ రైలు ఆగుతుంది, మా లైనే. మాస్టారు జాతి అడగలేదు. ఆడదా మగదా అని అడగలేదు. సంచిలోంచి ఒక పాత టీకా పుస్తకం తీసి నా చేతికిచ్చారు. అంతకుముందు ఏడాది ముసలితనంతో చనిపోయిన వాళ్ల కుక్కది. పదమూడేళ్లు. ఒక్క సంవత్సరం కూడా రేబిస్ టీకా తప్పలేదు. చివరి రెండు పేజీల్లో మోకాళ్ల నొప్పుల మందులు, వాటి తేదీలు. ముప్ఫయ్యేళ్లుగా అప్పులిచ్చే ముందు మనుషుల కాగితాలు చూస్తున్నాను గాని, ఇంత మంచి హామీపత్రం ఎప్పుడూ చూడలేదు.

అప్పగింతలు

2024 ఏప్రిల్ 14 ఆదివారం. ఉగాది అయి అయిదు రోజులు, తమిళ సంవత్సరాది ఆ రోజే. కారులో సూళ్లూరుపేట తీసుకెళ్లాం. టీకా పుస్తకం, తినే గిన్నె, పడుకునే పాత నూలుచీర ముక్క, ఒక కాగితం ఇచ్చాం. చీర ముక్క ఉతకవద్దని చెప్పాం, తెలిసిన వాసన ఉంటే మొదటి రాత్రులు తేలిగ్గా గడుస్తాయి. కాగితం మా ఆవిడ రాసింది. ఎప్పుడు తింటుంది, దేనికి భయపడుతుంది, 'రా' అన్నా వస్తుంది 'వా' అన్నా వస్తుంది, ఆపరేషన్ ఏ నెలలో చేయించాలి, ఇలాంటివన్నీ. చివరి వాక్యం 'పేరు మార్చుకోవాలంటే మార్చుకోండి' అని.

కాళిదాసు శాకుంతలం నాలుగో అంకం గురించి మనవాళ్లు గొప్పగా చెబుతారు. శకుంతల కణ్వుడు కన్న కూతురు కాదు, అడవిలో దొరికిన పిల్ల. అత్తవారింటికి పంపాక ఆయన మనసు, తన దగ్గర దాచిన న్యాసాన్ని తిరిగి అప్పగించినవాడి మనసులా తేరుకున్నదని కవి పోల్చాడు. న్యాసమంటే నమ్మి దాచిన సొమ్ము, మా భాషలో డిపాజిట్టు. కూతురికీ కుక్కపిల్లకూ పోలికా అని కోప్పడకండి. పోలిక పెంచిన చేతులకు, పంపిన మనసుకు.

బయలుదేరేటప్పుడు బొట్టు మా వెంట గేటు దాకా వచ్చింది. టీచరమ్మ లోపలినుంచి పిలిచింది. అది మమ్మల్ని ఒకసారి చూసి, తోక ఊపుకుంటూ లోపలికి పోయింది. తిరుగుప్రయాణంలో కారులో ఎవరం మాట్లాడలేదు. తడ దాటాక మా ఆవిడే అంది, "ఏమండీ, పిలిస్తే పోయింది చూశారా. భయపడలేదు." ఆవూ దూడా రెండూ చేరాయన్నమాట.

కొత్తచోట కుదురుకోవాలని నెలరోజులు మేము వెళ్లలేదు. ఫోనులో ఫొటోలు వచ్చేవి. ఆపరేషన్ జరిగింది. పేరు మార్చలేదు. అప్పటినుంచి మా ఇంటికి ఒకదాని తర్వాత ఒకటి మరో మూడు పిల్లలు వచ్చి వెళ్లాయి.

మీరూ చేయాలనుకుంటే

మన సంఘ సభ్యుల్లో పిల్లలు పైచదువులకు వెళ్లి ఇల్లు ఖాళీ అయినవారున్నారు, రిటైరైనవారున్నారు. పది పన్నెండేళ్లు కుక్కను చూసుకునే ఓపిక లేదనుకునేవారికి రెండు నెలల బాధ్యత సరిపోవచ్చు. చేయదలిస్తే ముందుగా ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి. ఇంట్లో వేరే కుక్క ఉంటే దాని టీకాలు పూర్తయి ఉండాలి, కొత్తపిల్లను రెండు వారాలు విడిగా ఉంచాలి. పార్వో వచ్చిపోయిన ఇంట్లో టీకాలు పూర్తికాని పిల్లను నెలల తరబడి ఉంచకూడదు. నేలను నీళ్లు కలిపిన బ్లీచింగ్‌తో కడగాలి. వైద్యం ఖర్చు ఎవరిది, ఊరికి వెళ్లాల్సివస్తే ఎవరు చూస్తారు, ఇల్లు దొరకకపోతే ఎన్నాళ్లు, ఈ మూడూ పిల్లను తీసుకునే ముందే అప్పగించేవారితో మాట్లాడుకోవాలి. వీలైతే కాగితం మీద పెట్టుకోండి. ఇది బ్యాంకువాడి చాదస్తం అనుకున్నా సరే.

ఇక 'పంపేటప్పుడు బాధగా ఉండదా' అని అందరూ అడుగుతారు. ఉంటుంది. ఉన్నందువల్లనే ఆ పిల్ల మన దగ్గర బాగా పెరిగిందని తెలుస్తుంది. ఆ బాధ మనం రెండు వారాలు పడితే తగ్గుతుంది. పడలేమని తలుపు వేసుకుంటే, అట్టపెట్టెలో ఉన్నది పడవలసి వస్తుంది. మీ ఊళ్లోనూ ఇలాంటి కుర్రాళ్లు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఈ వానాకాలం రాకముందే వాళ్లనొకసారి పలకరించండి.